గాలాడని కారు

వీధిలో అందరూ ఆవిడని అక్కయ్య అనే పిలుస్తారు. ఆవిడ తమ్ముడు వీధి చివర లాండ్రీ నడుపుతాడు. బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు పొద్దస్తమానం వాడి నోట "మా అక్కయ్య, మా అక్కయ్య" అని వినీ వినీ తామూ అదే మొదలుపెట్టారు. ఆ వరసన ఆవిడ భర్త వీధి మొత్తానికీ బావగారైపోయారు. ఆయనకి మందుల షాపుంది. "బావగారూ, దగ్గుకి ఏమైనా ఇవ్వండి" అని అడిగేవాళ్లలో ఆయనకంటే వయసులో పెద్దవాళ్లు కూడా ఉన్నారు. ఆయన ఏమీ అనుకోరు. ఆయన పట్టించుకునేది ఒక్క ఎక్స్‌పైరీ తేదీనే.

బావగారి లెక్కలో లోకంలో ప్రతి వస్తువుకీ ఒక గడువుంది. కొన్నింటి మీద దాన్ని అచ్చు వేశారు, మిగతావాటి మీద వేయడం మరిచిపోయారు, అంతే. ఆ మరిచిపోయిన పని ఆయన నెత్తిన వేసుకున్నారు. ఇంట్లో టూత్‌బ్రష్షులు, టార్చిలైటు బ్యాటరీలు, తలగడలు, చీపుళ్లు అన్నీ ఆయన చేతిరాతలో తేదీలు మోస్తూ బతుకుతుంటాయి. తేదీ దాటిందా, వస్తువు నిక్షేపంలా ఉన్నా సరే చెత్తబుట్టే. ఒకసారి అక్కయ్య గొడుగుకి జోరువానలో గడువు తీరింది. ఇంటికొచ్చేదాకా దాన్ని పారేయకుండా ఆగారని, అది తన మీదున్న ప్రేమేనని ఆవిడ ఇప్పటికీ చెప్పుకుంటుంది.

తమ్ముడు ఇందుకు పూర్తిగా తిరగేసిన మనిషి. పాడైపోయిన వస్తువంటూ ఒకటి ఉంటుందని వాడు ఒప్పుకోడు. ఉతకని వస్తువులే ఉంటాయంటాడు. కాళ్లు తుడుచుకునే పట్టా నుంచి గోడగడియారం మీద కప్పిన గుడ్డ దాకా, చేతికి దొరికిందల్లా నానబెట్టేస్తాడు. ఒకసారి రెయిన్‌కోటు ఇస్త్రీ చేయబోయి, కోటునీ ఇస్త్రీపెట్టెనీ విడదీయలేక రెంటినీ కలిపే అటకెక్కించాడు. అప్పుడు కూడా వాడి నమ్మకం చెక్కుచెదరలేదు. వేడి కాస్త ఎక్కువైంది అన్నాడు.

ఇలాంటి ఇద్దరినీ ఒకే ఇంట్లో పెట్టడమే గొప్ప. కింద వాటాలో అక్కయ్యా బావగారూ, మేడ మీద తమ్ముడూ. పైగా వీళ్లకి ఉమ్మడిగా ఒక కారు! ఒక వారం అది బావగారిది, మరుసటి వారం తమ్ముడిది. ఆదివారం సాయంత్రం తాళంచెవి చేతులు మారుతుంది. ఎవరి వారమైనా అక్కయ్య చోటు మాత్రం వెనక సీటే. "అక్కడ దింపుతాను పద", "ఇక్కడ ఆగు, వచ్చి ఎక్కించుకుంటాను" అనే రెండు మాటల మధ్య ఆవిడ ప్రయాణాలన్నీ గడిచిపోయాయి.

ఆ కారులో ఎయిర్ ఫిల్టర్ అని ఒకటుంది. బానెట్ కింద నల్లటి పెట్టెలో, మడతలు మడతలుగా కుట్టిన పావడాలా ఉండే కాగితపు పలక. ఇంజను పీల్చుకునే గాలిలోంచి దుమ్ముని అది ఆపుతుంది. పనల్లా అంతే. మాటా పలుకూ లేని ఆ కాగితమ్ముక్క గురించి బావాబావమరుదులు ఎన్ని సాయంత్రాలు తగువు పడ్డారో చెప్పలేం. దాన్ని ఎన్నాళ్లకొకసారి మార్చాలి? నెలకొకసారి అని బావగారు. అసలు మార్చనే అక్కర్లేదని తమ్ముడు. కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుందిగా, చూస్తే పోయేదానికి ఈ రభస ఎందుకని మీరు అడగవచ్చు. సీటు కవర్లు ఉతికినప్పుడు ఆ పుస్తకం కూడా కవరు జేబులోనే ఉండి ఉతుక్కుపోయింది. తమ్ముడు దాన్ని ఆరబెట్టి ఇస్త్రీ కూడా చేశాడు కానీ అక్షరం మిగల్లేదు.

"మూత తీసిన మందు సీసాని నెల దాటాక వాడతావా?" అని బావగారు గుడ్లురిమేవారు.

"ఇది మందు కాదు బావగారూ, చొక్కా లాంటిది. మాసిన చొక్కాని పారేస్తారా మీరు?"

"చొక్కాలోంచి నేను ఊపిరి పీల్చుకోను కదయ్యా!"

అక్కయ్య ఈ గొడవలో ఎప్పుడూ తలదూర్చలేదు. వెనక సీటులో కూర్చునే మనిషికి బానెట్ కింది సంగతులతో ఏం పని? ముందు గదిలో కుట్టుమిషను ముందు కూర్చుని, పెడలు మీద కాలాడిస్తూ, ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేసేది. ఆ కాలంటే ఆవిడకి లోపల కాస్త గర్వం. వేగం ఎంత కావాలంటే అంత, ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగే కాలు. పట్టుబట్ట మీదైనా పరదాగుడ్డ మీదైనా ఒక్క కుట్టు అటూ ఇటూ పోయేది కాదు.

ఇలా ఉండగా కొండ మీది బడిలో కుట్టుపని నేర్పే టీచరు కావాలని కబురొచ్చింది. అక్కయ్య వెళ్లింది. హెడ్మిస్ట్రెస్‌కి ఆవిడ కుట్టిన జాకెట్టు చేతులు చూడగానే మనసు కుదిరింది. "మీ పని నాకు నచ్చిందమ్మా. కానీ ఒక్క మాట. ఈ కొండకి బస్సు రాదు. ఇదివరకు ఉన్నావిడని వాళ్లాయన దింపేవాడు. ఆయనకి ఖాళీ ఉన్నరోజు ఆవిడ టీచరు, లేనిరోజు పిల్లలకి ఆటవిడుపు. అందుకని నేను ఒట్టు పెట్టుకున్నాను. సొంతంగా బండి నడుపుకుంటూ వచ్చేవాళ్లకే ఈ ఉద్యోగం" అందావిడ. బడులు తెరిచేలోగా లైసెన్సు తెచ్చి చూపించమంది.

ఇంటికొచ్చి చెప్పగానే మగవాళ్లిద్దరూ ఎగిరి గంతేశారు. "నేను నేర్పుతాను" అంటే "నేను నేర్పుతాను" అని పోటీపడ్డారు. చివరికి ఎవరి వారంలో వాళ్లు నేర్పేటట్టు రాజీ కుదిరింది.

బావగారి వారంలో అక్కయ్య స్టీరింగ్ పట్టుకుంటే కారు చెప్పినట్టు వినేది. సిమెంటు గోదాము వెనకాల ఒక మిట్ట ఉంది. దాన్ని ఫస్టు గేరులో ఎక్కించి, మధ్యలో ఆపి, మళ్లీ కదిలించి, పైదాకా తీసుకెళ్లేది. "చూశావా? నేర్పేవాణ్ణి బట్టి ఉంటుంది" అని బావగారు మీసం దువ్వుకునేవారు. ఆయనకి మీసం లేదు, అయినా దువ్వుకునేవారు.

తమ్ముడి వారం వచ్చిందా, అదే మిట్ట మీద అదే కారు మూలిగేది. కాలు నొక్కేకొద్దీ ముందుకు పోవాల్సింది పోయి గొంతు పట్టుకుపోయినట్టు గురగురమని, రెండు కుదుపులు కుదిపి, ఉన్నచోటే చచ్చి ఊరుకునేది. వెనకనున్న లారీలవాళ్లు హారన్లతో చెవులు చిల్లులు పొడిచేవాళ్లు. చదును రోడ్డు మీద బట్టల మూటలు ఇళ్లకి చేరేస్తూ నిదానంగా తిరిగే తమ్ముడికి ఆ మూలుగు పెద్దగా తెలిసేది కాదు. బండికి వయసు మీదపడుతోంది, మనమే సర్దుకుపోవాలి అనుకునేవాడు. మిట్ట మీద ఆగినప్పుడు మాత్రం అక్క పాదాల వైపు జాలిగా చూసి, "కాలు వణుకుతోంది అక్కా. క్లచ్ ఒక్కసారిగా వదిలేస్తున్నావు" అనేవాడు.

టెస్టు రోజు తమ్ముడి వారంలో పడింది. టెస్టు స్థలంలో కూడా ఒక మిట్ట ఉంది. ఏం జరిగి ఉంటుందో మీరు ఊహించగలరు. మూడుసార్లు స్టార్ట్ చేస్తే మూడుసార్లూ ఆగిపోయింది. ఆఫీసరు చేతిలో అట్ట మీద ఏదో గీసుకుని, "ఇంకొంచెం ప్రాక్టీసు చేసి రండమ్మా" అన్నాడు. ఆ మాట మర్యాదగానే అన్నాడు, అందుకే ఆవిడకి ఇంకా కష్టం వేసింది.

ఆ సాయంత్రం ఇద్దరూ ఓదార్చారు. ఆ ఓదార్పు వినడం కంటే తిట్లు తినడం నయం.

"భయపడ్డావు. కాలు బిగుసుకుపోయి ఉంటుంది. నా వారంలో అయితే పాసయ్యేదానివి" అన్నారు బావగారు.

"పోనీలే అక్కా. అందరి కాళ్లూ ఒకేలా ఉండవు కదా" అన్నాడు తమ్ముడు.

అక్కయ్య లేచింది. వంటింట్లోకి పోయి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. మర్నాడు మిషను ముందు కూర్చుంటే, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక పరదా అంచు వంకరపోయింది. కుట్టు విప్పి మళ్లీ కుడితే మళ్లీ వంకరపోయింది. ఆవిడ కిందికి వంగి తన పాదాన్ని చూసుకుంది. ఇన్నేళ్లు అన్నం పెట్టిన కాలు తనని నట్టేట ముంచుతుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. ఇక ఈ వయసులో కొత్త విద్యలెందుకు, వెనక సీటుకి ఏం లోటు అనుకునేదాకా వెళ్లింది.

రెండో టెస్టుకి తేదీ ఇచ్చారు. మంగళవారం. అది కూడా తమ్ముడి వారమే! ఆ సాయంత్రం లోపల లైసెన్సు చూపించకపోతే ఇంకొకరిని పెట్టుకుంటానని హెడ్మిస్ట్రెస్ ముందే చెప్పేసింది.

అంతకుముందు ఆదివారం మధ్యాహ్నం, అంటే బావగారి వారం చివరి గంటల్లో, అక్కయ్య గోదాము మిట్ట ఎక్కించింది. కారు వెన్నలా జారుకుంటూ పైకెక్కింది. సోమవారం పొద్దున్నే తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అదే మిట్టకి తీసుకెళ్లింది. సగంలో గురగుర, కుదుపు, ఆగిపోవడం.

"కాలు..." అని మొదలుపెట్టాడు తమ్ముడు.

"నోరు మూసుకోరా" అంది అక్కయ్య.

ఆ రోజంతా ఆవిడ మిషను ముందు ఖాళీగా కూర్చుంది. నిన్నటి కాలూ ఇవాళ్టి కాలూ ఒకటే. చెప్పులూ అవే, మిట్టా అదే. రాత్రికి రాత్రి కాలు మారిపోతుందా? కుట్టు వంకరపోతే ఆవిడ ముందు ఏం చేస్తుంది? మిషను మూత తీసి చూస్తుంది. సూది వంగిందా, దారం చిక్కుపడిందా, అడుగున దూది పేరుకుందా అని చూస్తుంది. ఎవరైనా కాలుని తిట్టుకుంటూ కూర్చుంటారా? తను ఇన్నాళ్లూ చేసింది సరిగ్గా ఆ తెలివితక్కువ పనే. ఆవిడకి తన మీద తనకే ఒళ్లు మండింది.

మంగళవారం తెల్లవారగానే తమ్ముడు లాండ్రీ తెరవడానికి నడుచుకుంటూ వెళ్లిపోయాడు. టెస్టు వేళకి వస్తానన్నాడు. బావగారు స్నానంలో ఉన్నారు. అక్కయ్య బయటికొచ్చి, బానెట్ ఎత్తి, కడ్డీ ఆనించి, కాసేపు లోపలికి చూస్తూ నిలబడింది. ఏదేమిటో ఒక్కటీ తెలియదు. తెలిసిందల్లా ఇన్ని సాయంత్రాలు తగువులో విన్న ఆ నల్లపెట్టె ఒక్కటే. సరే, అక్కడి నుంచే మొదలుపెడదాం అనుకుని క్లిప్పులు లాగి మూత ఎత్తింది.

మొదట వాసన వచ్చింది. ఆవిడకి పుట్టినప్పటి నుంచీ తెలిసిన వాసన. అక్కయ్య ముక్కు దగ్గరగా పెట్టి మళ్లీ పీల్చింది. అనుమానం లేదు, గంజి.

ఫిల్టర్ బయటికి తీసింది. కాగితం తెల్లగా, పెళపెళలాడుతూ, పెళ్లికొడుకు చొక్కాలా నిలబడి ఉంది. మడతలన్నీ కత్తి అంచుల్లా ఇస్త్రీ అయి ఉన్నాయి. ఒక మూల బావగారి చేతిరాతలో ఎప్పుడో గడిచిపోయిన తేదీ ఒకటి, ఉతికినా పోకుండా లేతనీలంగా మిగిలి ఉంది. ఆవిడ దాన్ని పైకెత్తి ఎండకి పట్టి చూసింది. ఒక్క వెలుతురు చుక్క ఇవతలికి రాలేదు. నోటికి ఆనించుకుని ఊదింది. బుగ్గలు పొంగాయి, కళ్లు తిరిగాయి, గాలి మాత్రం అటువైపు పోలేదు.

అక్కయ్య ఆ పలకని చంకలో పెట్టుకుని వీధిలోకి నడిచింది. తల తుడుచుకుంటూ బయటికొచ్చిన బావగారు నోరు తెరుచుకుని ఉన్న కారునీ, వీధిలో విసవిసా పోతున్న భార్యనీ చూసి, చొక్కా బొత్తాలు ఎగుడుదిగుడుగా పెట్టుకుంటూ వెనకాలే పరుగెత్తారు.

లాండ్రీలో తమ్ముడు ఎవరిదో కోటు కాలరు మీద నీళ్లు చిలకరిస్తున్నాడు. అక్కయ్య ఫిల్టర్‌ని ఠపీమని బల్ల మీద పెట్టింది. వాడి మొహంలో రంగు మారిపోయింది.

"ఇది ఏమిట్రా?"

"అది... పాతది అక్కా. బావగారు పారేస్తే చెత్తబుట్టలోంచి తీశాను. ఉతికాను."

"గంజి ఎందుకు పెట్టావు?"

"ఉతికితే మడతలు వాలిపోయాయి. నిలబడాలి కదా మరి" అన్నాడు తమ్ముడు. ఇంత తేలిక విషయం అక్కకి తట్టకపోవడమేమిటన్నట్టు చూశాడు కూడా.

"కొత్తది ఏది? మీ బావగారు పెట్టిందేది?"

"టోకెనుందా?" అని అలవాటుకొద్దీ నోరు జారి, అక్క కళ్లు చూసి పక్కకి జరిగాడు.

టోకెను అక్కర్లేకపోయింది. వాడి వెనకాల కోట్ల వరసలో, ప్లాస్టిక్ కవరు తొడిగి, హ్యాంగరుకి క్లిప్పు పెట్టి, కొత్త ఫిల్టర్ వేలాడుతోంది. దానికి ఒక చీటీ కూడా కట్టి ఉంది. "బావగారిది, జాగ్రత్త."

అప్పటికి బావగారు ఆయాసపడుతూ గుమ్మంలోకి వచ్చారు. తమ్ముడు ఆయన్ని చూడగానే చేతులు నలుపుకుంటూ అంతా కక్కేశాడు. "కొత్తది రోజూ వాడితే పాతబడిపోతుంది కదా అని బావగారూ... నా వారంలో తీసి దాచి, నాది పెట్టుకునేవాణ్ణి. ఆదివారం మీకిచ్చే ముందు మళ్లీ మీది పెట్టేసేవాణ్ణి. మీరు చూస్తే మనసు కష్టపెట్టుకుంటారని చెప్పలేదు. అంతేగానీ నా మనసులో ఇంకేం లేదు."

నిజంగానే వాడి మనసులో ఇంకేం లేదు. ఆ సంగతే అక్కయ్యకి మరీ మంటగా ఉంది. చెడ్డ బుద్ధితో చేసి ఉంటే నాలుగు దులిపేసి తేలికపడేది. ఇంత మంచితనాన్ని ఏ మాటతో తిట్టాలి?

బావగారికి మాత్రం ఆ ఇబ్బంది లేదు. "గడువు తీరినదాన్ని వాడావా? నేను చేత్తో తేదీ రాసి పారేసినదాన్ని ఏరుకొచ్చి నా కారుకి పెట్టావా?"

"మన కారు బావగారూ."

"చూశావా, మార్చాలంటే విన్నావా? నెలకొకటి! నేను మొత్తుకుంటూనే ఉన్నాను!"

"మీరు పారేసినప్పుడు అది శుభ్రంగానే ఉంది బావగారూ! దులిపితే ఇంకా ఏడాది వచ్చేది. అంత మంచిదాన్ని మీరు పారేయకపోతే నేను తీసేవాణ్ణా?"

"అంటే తప్పు నాదా?"

"నాదంటారా మరి?"

ఇక ఇద్దరూ చేతులు తిప్పుకుంటూ సాయంత్రాల తగువుని పొద్దున్నే అందుకున్నారు. అక్కయ్య గంజి ఫిల్టర్‌ని ఎత్తి భర్త మూతికి ఆనించింది.

"ఊదండి."

"ఏమిటిది, నడివీధిలో..."

"ఊదండి!"

బావగారు ఊదారు. మొహం ఎర్రబడింది, మెడ నరాలు తేలాయి. అటువైపు అరచెయ్యి పెట్టి చూస్తే చల్లగాలి ఆనవాలు కూడా లేదు. తర్వాత తమ్ముడి వంతు. వాడు తను చేసిన వస్తువు మీద నమ్మకంతో మరీ గట్టిగా ఊది, దగ్గు తెరలో మునిగిపోయి బల్ల పట్టుకున్నాడు. కోటు కోసం వచ్చిన పెద్దమనిషి ఒకాయన గుమ్మంలో నిలబడి ఇదంతా చూసి, తర్వాత వస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

"ఊపిరితిత్తులున్న మీకే ఇలా ఉంటే, దాంతో మిట్ట ఎక్కమంటే కారు ఎక్కడ ఎక్కుతుంది?" అంది అక్కయ్య. "నేను మిషను సూదిని తేదీ చూసి మారుస్తానా? పోనీ ఉతికి వాడతానా? తీసి చూస్తాను. మొద్దుబారితే మారుస్తాను, లేకపోతే లేదు. దుమ్ములో తిరిగితే ఇదీ తొందరగా నిండుతుంది, మంచి రోడ్డయితే నెమ్మదిగా. తీసి వెలుతురుకి పట్టుకుంటే అదే చెబుతుంది. మీ ఇద్దరికీ అరుచుకోవడానికి తీరిక ఉంది గానీ, తీసినదాన్ని ఒక్కసారి వెలుతురుకి పట్టడానికి లేకపోయింది."

హ్యాంగరు నుంచి కొత్త ఫిల్టర్ లాక్కుని, ఇంటికొచ్చి, పెట్టెలో ఆవిడే అమర్చింది. అంచులు సరిగ్గా కూర్చున్నాయో లేదో, బట్ట అంచు తడిమినట్టు వేలితో చుట్టూ తడిమి చూసి, క్లిప్పులు బిగించింది. సాయం చేయబోయిన చేతుల్ని రెంటినీ మోచేత్తో పక్కకి తోసేసింది.

టెస్టు స్థలం దాకా బావగారు ముందు సీటులో, తమ్ముడు వెనక సీటులో కూర్చున్నారు. ఇద్దరిలో ఎవరు నోరు విప్పినా అక్కడే దింపేస్తానని అక్కయ్య ముందే చెప్పింది. ఆ దింపడమనే మాట తన నోటి నుంచి మొదటిసారి వచ్చిందని ఆవిడ గమనించలేదు గానీ, వాళ్లిద్దరూ గమనించారు.

ఆఫీసరు ఆవిణ్ణి గుర్తుపట్టాడు. పక్కన కూర్చుంటూనే సీటు అంచు గట్టిగా పట్టుకున్నాడు. మిట్ట దగ్గరికి రాగానే అక్కయ్యకి మళ్లీ అనుమానం వచ్చింది. పొద్దున చూసిందంతా అబద్ధమైతే? నిజంగానే కాలిదే తప్పయితే? తప్పు ఎక్కడుందో తెలిసినా, ఇన్నాళ్లుగా పడ్డ మాట మనసులోంచి అంత తొందరగా పోతుందా? ఆవిడ కుట్టుమిషను మీద పట్టుబట్ట పరిచినప్పటిలా పాదాన్ని మెల్లిగా ఆనించింది. కారు కదిలింది. సగంలో ఆపమన్నాడు, ఆపింది. కదలమన్నాడు. క్లచ్ వదులుతూ యాక్సిలరేటరు నొక్కింది. కారు ఒక్క అంగుళం కూడా వెనక్కి జారకుండా, ఒక్క మూలుగు మూలగకుండా పైకి ఎక్కేసింది. ఆఫీసరు సీటు అంచు వదిలేసి, జేబులోంచి పెన్ను తీశాడు.

లైసెన్సు కిటికీలోంచి చేతికి ఇచ్చేసరికి మధ్యాహ్నమైంది. అక్కయ్య బయటికొచ్చేటప్పటికి రేకుల షెడ్డు కింద మగవాళ్లిద్దరూ మళ్లీ జోరు మీదున్నారు.

"నా కొత్త ఫిల్టర్ లేకపోతే ఎక్కేదా?" అంటున్నారు బావగారు. ఆవిణ్ణి చూడగానే చేతులు చాచి ఎదురొచ్చారు. "పాసయ్యావు! నేను చెప్పలేదూ? అంతా ఆ ఫిల్టర్ పుణ్యం!"

"నేను కవరు తొడిగి దాచబట్టే కదా అది కొత్తగా ఉంది?" అన్నాడు తమ్ముడు. "లేకపోతే ఈపాటికి సగం దుమ్ము పట్టి ఉండేది. అక్కా, నువ్వే చెప్పు, ఎవరి వల్ల పాసయ్యావు?"

అక్కయ్య లైసెన్సుని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని జిప్పు లాగింది. తర్వాత ఇద్దరి వైపూ చూసింది. గొంతు పెంచలేదు.

"పోయినసారి నేను ఇక్కడే ఫెయిలయ్యాను. ఈ కారులోనే తల దించుకుని ఇంటికొచ్చాను. ఇంతలేసి తెలివిగలవాళ్లు, ఈ ఫిల్టర్ మీద ఇన్నాళ్లు కొట్టుకు చచ్చినవాళ్లు, ఆ రోజు ఇద్దరిలో ఒక్కరికైనా బానెట్ ఎత్తి చూద్దామని తోచిందా? ఇద్దరూ నా కాలే చూశారు."

బావగారు చాచిన చేతులు దించేశారు. తమ్ముడి వైపు చూశారు. తమ్ముడు నేల వైపు చూశాడు. ఇన్నేళ్లలో ఆ ఇద్దరికీ ఒకే అభిప్రాయం కలగడం అదే మొదలు.

"నాకు బడికి టైమవుతోంది. మీరు బస్సులో ఇంటికెళ్లిపోండి" అంది అక్కయ్య.

తలుపు వేసుకుని, అద్దం తన ఎత్తుకి సరిచేసుకుని, కారు తీసింది. అద్దంలో షెడ్డు కింద ఇద్దరూ పక్కపక్కనే, తగువు లేక ఏం చేయాలో తోచనట్టు నిలబడి కనిపించారు. ఆవిడకి జాలేసింది. కారు మాత్రం ఆపలేదు.

కొండ రోడ్డు మలుపులన్నీ ఒక్కతే ఎక్కింది. పక్కన ఎవరూ లేరు, కాలు గురించి చెప్పేవాళ్లు లేరు. బడి ప్రహరీ కనిపించేసరికి ఉన్నట్టుండి కళ్లు మసకబారాయి. కారు పక్కకి ఆపి, స్టీరింగ్ మీద తల ఆనించి, ఈసారి కుళాయి చప్పుడు అక్కర్లేకుండా హాయిగా ఏడ్చింది. కొంగుతో మొహం తుడుచుకుంది. చెయ్యి కిందికి చాచి, ఎవరైనా చూస్తే నవ్వుతారని కూడా అనుకోకుండా, తన పాదాన్ని ఒకసారి ప్రేమగా నిమిరింది.

తర్వాత గేటు ముందుకి పోనిచ్చి హారన్ కొట్టింది, కావాల్సిన దానికంటే కాస్త ఎక్కువసేపే.